సానియా సీజన్లు, మన ఇళ్ల దువాలు

సానియా మీర్జా ఎన్ని టైటిళ్లు గెలిచిందో చెప్పే లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి. ఆరు గ్రాండ్‌స్లామ్‌లు, 43 డబ్ల్యూటీఏ డబుల్స్ టైటిళ్లు, డబుల్స్‌లో 91 వారాలు ప్రపంచ నంబర్ వన్. తన కథను తానే పుస్తకంగా కూడా రాసుకుంది. దొరకని లెక్క ఇంకోటుంది. ఆమె ఒక్కో సీజన్ ఆడుతుంటే నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో మన మొహల్లాల్లో ఎన్ని దువాలు లేచాయి, ఎన్ని ఇళ్లల్లో టీవీ కోపంగా ఆగిపోయింది, ఎన్నిసార్లు "ఇంక చూడను" అని ఒట్టేసినోళ్లు మళ్లీ మర్నాడు పేపర్ చివరి పేజీ వెతుక్కున్నారు? ఈ లెక్క ఎవరూ రాయలేదు. అభిమానుల తారీఖ్ ఎవరికి కావాలి అనుకుంటారేమో. నాకైతే అది మన కౌమ్ తారీఖ్‌లో ఒక ముఖ్యమైన పన్నానే అనిపిస్తుంది. అందుకే గుర్తున్నంత రాస్తున్న.

దేవిడీల ఆట

హైదరాబాద్‌కు టెన్నిస్ కొత్తది కాదు. సయ్యద్ మహమ్మద్ హాదీ పేరు మనలో చాలామందికి తెలియదు గానీ, 1924 పారిస్ ఒలింపిక్స్‌లో హిందుస్తాన్ తరఫున టెన్నిస్ ఆడిన హైదరాబాదీ ఆయన. 1924, 1925ల్లో డేవిస్ కప్ ఆడాడు. 1934లో రంజీ ట్రోఫీ మొదలైతే ఆ టోర్నీలో మొట్టమొదటి సెంచరీ కూడా ఆయనదే. హాకీ, ఫుట్‌బాల్, పోలో, చెస్, టేబుల్ టెన్నిస్ కూడా కలిపి ఏడు ఆటలు ఆడేవాడని ఆయనను 'రెయిన్‌బో హాదీ' అనేవాళ్లు. ఇంకోవైపు లక్నో దిక్కు నుంచి వచ్చిన ఘౌస్ మహమ్మద్ 1939లో వింబుల్డన్ సింగిల్స్ క్వార్టర్ ఫైనల్ దాకా పోయాడు. అక్కడికి చేరిన తొలి హిందుస్తానీ అతనే.

అయితే హాదీ పెరిగింది నవాబుల దేవిడీలో, చదివింది కేంబ్రిడ్జ్‌లో. ఆ టెన్నిస్‌కూ మన జిల్లాల ముసల్మానులకూ వాస్తా లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద 1890లో పాలమూరు మహబూబ్‌నగర్ అయింది గానీ పేరులో ఉన్న షాన్ ఊళ్లల్లోకి రాలేదు. అక్కడ మనవాళ్లు సన్నకారు రైతులు, దూదేకులోళ్లు, టాంగా నడిపేటోళ్లు, కసాబులు, చిన్న నౌకర్లు. నల్గొండలోనూ అంతే. జిల్లా కేంద్రాల్లో ఆఫీసర్ల క్లబ్బులుండేవి, వాటిల్లో ఎర్రమట్టి కోర్టు ఒకటి ఉండేది. సాయంత్రం పూట సాహెబులు తెల్లబట్టలేసుకొని ఆడితే, బంతి గోడ దాటినప్పుడు ఏరి ఇచ్చేది మన పిల్లలు. మా దాదా చెప్పిన టెన్నిస్ ముచ్చట ఇదొక్కటే: బంతి తెచ్చిస్తే ఒక పైసా బఖ్షీష్.

కాబట్టి 2005కు ముందు మన ఇళ్లల్లో టెన్నిస్ మీద షౌక్ అనేదే లేదు. క్రికెట్ ఉండె. అజ్జూ భాయ్ ఉండె. టెన్నిస్ చానల్ వస్తే మార్చేటోళ్లం.

పీరీలు లేచిన రోజుల్లో

2003లో వింబుల్డన్ బాలికల డబుల్స్ గెలిచినప్పుడే సానియా ఫోటో పేపర్లలో వచ్చింది. మా అబ్బా తెప్పించే సియాసత్‌లోనూ వచ్చింది, నేను చదివే తెలుగు పేపర్‌లోనూ వచ్చింది. కానీ అసలు తూఫాన్ 2005 జనవరిలో. ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో వైల్డ్ కార్డ్ మీద ఆడి మూడో రౌండ్ చేరింది. ఏ గ్రాండ్‌స్లామ్‌లోనైనా మూడో రౌండ్ చేరిన తొలి హిందుస్తానీ అమ్మాయి. అక్కడ సెరెనా విలియమ్స్ చేతిలో 1-6, 4-6తో ఓడింది. ఆ టోర్నీ సెరెనాయే గెలిచింది. మనవాళ్లకు ఓటమి బాధ కలగలేదు. రెండో సెట్‌లో నాలుగు గేములు తీసుకుంది గదా, ఆ నాలుగు గేముల గురించే జుమ్మా నమాజ్ తర్వాత మసీదు మెట్ల మీద మాట్లాడుకున్నరు.

మూడు వారాల తర్వాత, ఫిబ్రవరి 12న, ఫతే మైదాన్ దగ్గరి కోర్టులో హైదరాబాద్ ఓపెన్ ఫైనల్. ఉక్రెయిన్ అమ్మాయి అలోనా బొండారెంకో మీద 6-4, 5-7, 6-3. డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన మొదటి హిందుస్తానీ ఔరత్. మొహర్రం నెల అప్పుడే మొదలైంది. మా వైపు ఊళ్లల్లో ఆషుర్‌ఖానాలకు సున్నం కొట్టి, పీరీలు నిలబెట్టే రోజులు. నల్గొండలో మా గల్లీలో ఒక్క ఇంట్లోనే పెద్ద కలర్ టీవీ ఉండె. ఔరతులు లోపలి గదిలో, మగోళ్లు బయట వసారాలో. రెండో సెట్ పోయినప్పుడు మా దాదీమా తస్బీ తీసుకొని కూచుంది. ఆమెకు ఆట అర్థం కాదు. పాయింట్ ఎవరికొచ్చిందో జనం చప్పట్లను బట్టి తెలుసుకునేది. "బచ్చీ జీతీ క్యా, నై క్యా?" అని ప్రతి రెండు నిమిషాలకూ అడిగేది.

మహబూబ్‌నగర్‌లో మా ఆపా ఇంట్లో ఆ రోజు కరెంటు లేదు. బావ ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి స్కోరు అడిగిండు. గెలిచిందని చెప్పంగనే బూత్ నడిపే యాదవుల పిలగాడు కూడా అరిచిండట. ఇది చెప్పడం ఎందుకంటే, ఆ మొదటి ఏడాది ఆమె అందరిదీ. కటింగ్ షాపులో, కిరాణా దుకాణంలో, బస్టాండ్ హోటల్లో "మన హైదరాబాద్ అమ్మాయి" అన్నరు. ఆ 'మన'లో మనం కూడా ఉన్నం. అడగకుండానే కలుపుకున్న 'మన' అది. మార్చిలో దుబాయ్‌లో అంతకుముందటి యూఎస్ ఓపెన్ చాంపియన్ కుజ్నెత్సోవాను 6-4, 6-2తో ఓడిస్తే, అక్కడ ఏసీ మెకానిక్ పనిచేసే మా ఫూఫీ కొడుకు ఫోన్ చేసి ఏడ్చేసిండు. రూముల్లో ఉండే పాలమూరు లేబర్ మొత్తం ఆ రోజు బిర్యానీ వండుకున్నరట.

బట్టల బహస్

సెప్టెంబర్‌లో యూఎస్ ఓపెన్ నాలుగో రౌండ్ చేరింది. నంబర్ వన్ సీడ్ షరపోవా చేతిలో ఓడింది గానీ ఆ ఏడాది చివరికి 31వ ర్యాంకు. డబ్ల్యూటీఏ వాళ్లు ఆ ఏడాది ఉత్తమ కొత్త క్రీడాకారిణి అవార్డు ఇచ్చిన్రు. అదే నెలలో ఆమె స్కర్టు మీద కొందరు మౌలానాల మాటలు బయటికొచ్చాయి. కోల్‌కతా టోర్నీకి పోలీసు పహరా పెట్టాల్సొచ్చింది. చానళ్లకు పండుగ. రోజంతా రెండు ఫోటోలు పక్కపక్కన: ఒకవైపు గడ్డం, ఒకవైపు రాకెట్.

ఆ రోజుల్లో చానళ్లు ఎవరూ మన ఇళ్లల్లోకి రాలేదు. వచ్చుంటే ఏం కనిపించేది? మా ఇంట్లో అబ్బాకూ అమ్మీకీ నిజంగానే బహస్ జరిగింది. అబ్బా ఐదు వక్తుల నమాజీ. "ఆట మంచిదే, లిబాస్ మంచిది కాదు" అన్నడు. అమ్మీ చాలాసేపు ఏం మాట్లాడలేదు. రొట్టెలు చేస్తూ చేస్తూ, "మీ ఇంటికొచ్చిన ఇరవై ఏండ్లలో నేను పరుగెత్తిన రోజు ఒక్కటి చెప్పండి" అన్నది. అబ్బా దగ్గర జవాబ్ లేదు. మళ్లీ మాట్లాడలేదు, కానీ మ్యాచ్ చూడటం ఆపలేదు. మొహల్లాలో సగం ఇళ్లల్లో ఇట్లాంటిదే నడిచింది. ఫత్వా ఇచ్చేటోళ్లు, ఫత్వాను తిట్టేటోళ్లు అని రెండే జమాతులు లేవు. ఎక్కువమంది మధ్యలో ఉన్నరు. ఇబ్బంది పడుతూనే దువా చేసినోళ్లు. వాళ్ల గవాహీ ఎక్కడా రికార్డ్ కాలేదు.

బయటి లోకం ఆ బహస్‌ను ఇంకో విధంగా వాడుకుంది. "చూసిన్రా, మీ మతం ఇంతే" అని ఆఫీసుల్లో, కాలేజీల్లో మనకు చెప్పిన్రు. సానియా మాత్రం నమాజ్ చదువుతానని, బట్టలు తన జాతీ మామ్లా అని చెప్పి, ఆట గురించి అడగండి అన్నట్టే ఉండేది. పద్దెనిమిదేండ్ల పిల్ల. ఆ వయసులో మన ఇళ్లల్లో ఆడపిల్లలు ఇంటర్ సెకండియర్ ఫెయిలైతే పెళ్లి చేసేస్తరేమో అని భయపడుతుండేటోళ్లు.

ర్యాంకు అనే అప్పు

ఇక అభిమానుల కష్టకాలం. 2006 అంతా మాయూసీ. నాలుగు గ్రాండ్‌స్లామ్‌లలో ఎక్కడా రెండో రౌండ్ దాటలేదు. ర్యాంకు 31 నుంచి 60 దాటి పడిపోయింది. "డబ్బులొచ్చినయ్, యాడ్లొచ్చినయ్, ఆట పోయింది" అని హోటళ్లల్లో తీర్పులు. ఒక ముసలాయన రోజూ ఇరానీ చాయ్ తాగుతూ సెకండ్ సర్వ్ గురించి మాట్లాడేవాడు. ఆయన జన్మలో రాకెట్ పట్టలేదు. కానీ చెప్పింది తప్పు కాదు. సానియా ఫోర్‌హ్యాండ్ ప్రపంచంలో ఎవరికీ తీసిపోదు, సెకండ్ సర్వ్ మాత్రం ఎదుటివాళ్లకు దావత్. డబుల్ ఫాల్ట్ పడ్డప్పుడల్లా మా గల్లీలో "యా అల్లా" అన్న మాట ఇంటింటికీ వినపడేది.

టెన్నిస్ ర్యాంకు ఎట్ల నడుస్తదో మాకు మెల్లగా అర్థమైంది. అది ఖాతాలో వేసుకున్న జమ లాంటిది కాదు, యాభై రెండు వారాల అప్పు లాంటిది. ఈ ఆగస్టులో నువ్వు బాగా ఆడి పాయింట్లు తెచ్చుకుంటే, వచ్చే ఆగస్టులో అవి పోతయ్. మళ్లీ అంత ఆడితేనే ఉన్నచోట ఉంటవు. ఆడలేకపోతే జారుతవు. పాలమూరు రైతుకు ఈ సంగతి విడమర్చి చెప్పాల్సిన పనిలేదు. నిరుటి పంట తిండి నిరుటికే. ఈ ఏడు వాన పడకపోతే నిరుడు బాగా పండించినవని ఎవ్వరూ బియ్యం ఇయ్యరు.

2007 వేసవిలో ఆ పంట పండింది. మోకాలి ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చి అమెరికా హార్డ్ కోర్టుల మీద వరుసగా గెలిచింది. స్టాన్‌ఫోర్డ్‌లో ఫైనల్. ఆగస్టు 27న సింగిల్స్‌లో 27వ ర్యాంకు. ఏ హిందుస్తానీ అమ్మాయీ అంత పైకి పోలేదు. అంతకుముందే, 2006 నవంబర్‌లో, సచార్ కమిటీ రిపోర్ట్ వచ్చి మనం ఎక్కడున్నమో లెక్కలతో చెప్పింది. 2007లోనే మన రాష్ట్రంలో వెనుకబడిన ముసల్మానులకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. ఆ రెండింటి గురించీ, 27వ ర్యాంకు గురించీ మా ఇంట్లో ఒకే దస్తర్‌ఖాన్ మీద మాట్లాడుకున్నం. ఈ పిల్ల టాప్ టెన్‌కు పోతే మన పిల్లలు కాలేజీకి పోతరు అన్నట్టుగా ఒక లంకె పెట్టుకున్నం. ఒక ఆటగత్తె మీద ఇంత బరువు మోపడం జులుమే. కానీ మోసేందుకు మాకు వేరే ఎవరు కనిపించిన్రు?

మణికట్టు

2008 ఆ ఆశను తిన్నది. జనవరిలో మొదలే బాగలేదు. ఆస్ట్రేలియాలో ఒక మ్యాచ్ చూస్తూ కాళ్లు చాపి కూచున్న ఫోటోలో త్రివర్ణ జెండా పక్కనే ఉందని, జెండాను అవమానించిందని కేసు. అంతకుముందు నెలలో మక్కా మసీదు ఆవరణలో యాడ్ షూటింగ్ జరిగిందని మనవాళ్ల కోపం, ఆమె మాఫీ అడగడం. ఒకే సీజన్‌లో ఒక పక్క దేశద్రోహి అన్నరు, ఇంకో పక్క దీన్ లేనిది అన్నరు. ఆస్ట్రేలియన్ ఓపెన్ మూడో రౌండ్‌లో వీనస్ విలియమ్స్‌తో మొదటి సెట్ టైబ్రేక్ దాకా లాగి ఓడింది. భూపతితో మిక్స్‌డ్ ఫైనల్ చేరి అదీ ఓడింది. ఫిబ్రవరికల్లా, ఇండియాలో ఆడిన ప్రతిసారీ ఏదో ఒక గొడవ అవుతోందని బెంగళూరు టోర్నీ ఆడనని చెప్పేసింది. తన దేశంలో ఆడటానికే భయపడాల్సిన పరిస్థితి. ఆ వార్త చదివి మా అబ్బా సియాసత్ మడిచి పక్కన పెట్టి, "హమారీ బచ్చీ థక్ గయీ" అన్నడు. 'హమారీ' అన్న మాట ఆయన నోటి నుంచి వినడం అదే మొదలు.

తర్వాత కుడి మణికట్టు. ఆమె ఆటకు ప్రాణమే అది. మామూలు చేతులు తిరగనంతగా తిరిగి, కొరడాలా బంతిని కొట్టే మణికట్టు. దానికి ఆపరేషన్ అయింది. తొందరగా వచ్చి బీజింగ్ ఒలింపిక్స్ ఆడింది. మొదటి రౌండ్‌లోనే ఇవెతా బెనెసోవా మీద నొప్పి భరించలేక మధ్యలోనే ఆపేసింది. అప్పట్లో తల దువ్వుకోవడానికి కూడా చేయి లేవలేదని ఆమె తర్వాత చెప్పుకుంది. ఆ సీజన్ అక్కడికే ఖతం. 2007 ఆగస్టు అప్పు 2008 ఆగస్టులో తీర్చాల్సి ఉండె. తీర్చే చేయి పట్టీలో ఉంది. 27 అనే నంబరు మళ్లీ ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడాదే మా భాంజీకి, అంటే మహబూబ్‌నగర్ ఆపా బిడ్డకు, పదమూడేండ్లు. 2005 నుంచి గోడకు బంతి కొట్టుకుంటూ ఉండేది. బావ హైదరాబాద్ నుంచి ఒక సెకండ్ హ్యాండ్ రాకెట్ తెచ్చిచ్చిండు. ఆడటానికి కోర్టు లేదు. ఊళ్లో ఉన్న ఒక క్లబ్బు కోర్టుకు తీసుకపోతే, సభ్యుల పిల్లలకే అన్నరు. బావ మళ్లీ అడిగిండు, పొద్దున ఎవరూ లేని వేళ ఆడుకుంటది అని. రాత్రి వాచ్‌మన్‌తో చెప్పి పంపిన్రు, రావొద్దని. బావ గోలచేసే మనిషి కాదు. పిల్లను బడిలో బాల్ బ్యాడ్మింటన్‌లో వేసిండు. రాకెట్ బీరువా మీద పెట్టిన్రు. సానియా మణికట్టుకు ఆపరేషన్ అయిందని చదివినప్పుడు ఆ పిల్ల నాతో అన్న మాట ఇది: "మామూ, ఆమెకు కోర్టు ఉండి చేయి లేదు, నాకు చేయి ఉండి కోర్టు లేదు." ఇట్లాంటి మాటలు ఆ ఏడాది మన జిల్లాల్లో ఎంతమంది పిల్లలు అన్నరో.

సానియాకు కూడా ఆస్తిపాస్తులు పెట్టి కోర్టులు కట్టిచ్చినోళ్లు లేరు, ఆ మాట చెప్పాలె. మొదట్లో పేడతో అలికిన కోర్టుల మీద నేర్చుకున్న అని ఆమే చెప్పింది. అమ్మానాన్నలు కారులో ఊరూరా టోర్నమెంట్లకు తిప్పిన్రు. కానీ కారు ఉండె, ఇంగ్లీష్ బడి ఉండె, హైదరాబాద్ ఉండె. మధ్యతరగతి మెహనత్‌కు ఒక మెట్టు ఆసరా ఉంటది. నల్గొండ నుంచి ఆ మెట్టుకు చేరడానికే వంద కిలోమీటర్లు.

రంజాన్‌లో సున్నా

2009 జనవరిలో ఒక పండుగ జరిగింది. భూపతితో కలిసి నిరుడు ఓడిన అదే మిక్స్‌డ్ టైటిల్ ఫిబ్రవరి 1న గెలిచింది. గ్రాండ్‌స్లామ్ టైటిల్ గెలిచిన తొలి హిందుస్తానీ మహిళ. కానీ మన మనసు సింగిల్స్ మీదే. ఆ ఏడాది యూఎస్ ఓపెన్ రంజాన్ నెలలో వచ్చింది. రెండో రౌండ్‌లో ఫ్లావియా పెన్నెట్టా చేతిలో 0-6, 0-6. సహ్రీకి లేచి స్కోరు అడిగినోళ్లకు చెప్పాలంటే నోరు రాలేదు. ఒక్క గేము కూడా లేదు. మా తమ్ముడు రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు.

అప్పుడు హోటల్ ముసలాయన ఒక మాట అన్నడు. "సబ్ర్ అంటే గెలుస్తదని ఆగుడు కాదు బేటా. గెలవకపోయినా మనది అనుకునుడు." ఆయన నమాజ్ దగ్గర నేర్చుకున్న మాటను టెన్నిస్‌కు వాడిండు. నేను చాలా ఖుత్బాలు విన్న, అంత సాఫ్‌గా చెప్పినోళ్లు తక్కువ.

బేటీనా, బహూనా

2010 ఏప్రిల్ 12న హైదరాబాద్‌లో షోయబ్ మాలిక్‌తో నికా. ఆ నెలంతా టీవీలు ఆమె ఇంటి గేటు ముందే. మహబూబ్‌నగర్ బస్టాండ్‌లో మా బావను ఎరిగినోళ్లే "ఏం సాబ్, మీ పిల్లకు ఇక్కడ పిలగాడే దొరకలేదా" అన్నరట. 2005లో 'మన అమ్మాయి', 2010లో 'మీ పిల్ల'. ఐదేండ్లలో సర్వనామం మారింది. ఈ తేడా మన ఇళ్లల్లో అందరికీ తెలిసింది, పైకి ఎవరూ అనలేదు.

2014 జులైలో కొత్త తెలంగాణ ప్రభుత్వం ఆమెను బ్రాండ్ అంబాసిడర్‌ను చేసింది, కోటి రూపాయలు ఇచ్చింది. అప్పుడు ప్రతిపక్ష నాయకుడొకరు ఆమెను పాకిస్తాన్ కోడలు అన్నడు. జవాబ్‌గా ఆమె, చచ్చేదాకా హిందుస్తానీనే అని చెప్పి, తన ఖాన్‌దాన్ చరిత్ర విప్పింది. ఒక పూర్వీకుడు నిజాం జమానాలో హోం సెక్రటరీ, 1908 మూసీ వరదల్లో సేవ చేసినవాడు. ఇంకో పెద్దాయన గండిపేట చెరువు కట్టించిన ఇంజినీర్లలో ఒకరు.

ఆ బయాన్ చదివి నాకు నిద్రపట్టలేదు. హైదరాబాద్ నీళ్లు తాగే ప్రతి ఒక్కరి గొంతులో ఆమె ముత్తాత మెహనత్ ఉంది. అయినా ఆమె ఈ నేలదని సబూత్ చూపాల్సొచ్చింది. మరి నల్గొండలో, పాలమూరులో మన దాదాలు ఏం కట్టిన్రు? బావులు తవ్విన్రు, బండ కొట్టిన్రు, నాగార్జునసాగర్ కట్టేటప్పుడు తట్టలు మోసిన్రు. వాటి మీద వాళ్ల పేర్లు లేవు. కాగితం అడిగితే మనం ఏం చూపాలె? ఆ రోజు సానియా తన గురించి చెప్పుకున్నా, మన భయాన్ని కూడా చెప్పినట్టే అయింది.

ఆఖరి అష్రా రాత్రి

2012 తర్వాత సింగిల్స్ వదిలేసింది. రెండు మోకాళ్లు, ఒక మణికట్టు కోతకు పోయినంక ఒంటరిగా కోర్టంతా పరిగెత్తే దమ్ము శరీరానికి లేదు. మనలో చాలామంది, "డబుల్స్ అంటే సగం ఆట" అని నిరాశపడ్డరు. ఆ సగం ఆటలోనే ఆమె నిండింది. నెట్ దగ్గర ఇంకొకరు ఉంటే సానియాకు తన ఫోర్‌హ్యాండ్ ఒక్కటే చాలు.

2015లో మార్టినా హింగిస్‌తో జోడీ. తమాషా ఏమంటే, 2006లో సియోల్‌లో ఇదే హింగిస్‌ను సింగిల్స్‌లో ఓడిస్తే మనం స్వీట్లు పంచుకున్నం. ఇద్దరూ కలిసి ఇండియన్ వెల్స్, మయామీ, చార్ల్‌స్టన్ వరుసగా గెలిచిన్రు. ఏప్రిల్ 13న సానియా డబుల్స్‌లో ప్రపంచ నంబర్ వన్.

జులై 11న వింబుల్డన్ ఫైనల్. రంజాన్ ఆఖరి అష్రా. ఇఫ్తార్ అయింది, ఇషా అయింది, తరావీహ్ అయింది, మ్యాచ్ ఇంకా నడుస్తూనే ఉంది. రష్యా జోడీ మకరోవా, వెస్నినా మొదటి సెట్ 7-5. రెండోది మనవాళ్లు టైబ్రేక్‌లో లాక్కున్నరు. మూడో సెట్‌లో 2-5 వెనుకబడ్డరు. ఇంకో గేము పోతే అంతా అయిపోతది. పదేండ్ల అలవాటు కొద్దీ మా తమ్ముడు లేచి పోబోయిండు. అమ్మీ చేయి పట్టుకొని కూచోబెట్టింది. 5-5 అయింది. అక్కడ చీకటి పడి పైకప్పు మూయడానికి ఆట ఆపిన్రు. ఇక్కడ అర్ధరాత్రి దాటింది. ఆ ఆగిన కాసేపట్లో అమ్మీ రెండు రకాత్ నఫిల్ చదువుకుంది. ఆట మొదలైంది, రెండు గేములు, 7-5. మహిళల డబుల్స్‌లో గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి హిందుస్తానీ అమ్మాయి మన సానియా.

ఫోన్లు మోగినయ్. మహబూబ్‌నగర్ నుంచి ఆపా, దుబాయ్ నుంచి ఫూఫీ కొడుకు. దాదీమా అప్పటికి లేదు. అబ్బా ఏం మాట్లాడలేదు, సహ్రీకి సేమియా చేయమన్నడు. పండుగకు ఇంకా వారం ఉండె. ఆ ఏడాది యూఎస్ ఓపెన్, తర్వాతి జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ కూడా వచ్చినయ్. వరుసగా 41 మ్యాచ్‌లు ఓటమి లేకుండా ఆడిన్రు. అయినా మన ఇళ్లల్లో ఇప్పటికీ యాద్ చేసేది ఆ తరావీహ్ తర్వాతి మ్యాచే.

మిగిలిన ఖర్చు

ఒక మెడల్ మాత్రం బాకీ ఉండిపోయింది. 2016 రియోలో బోపన్నతో సెమీస్ ఓడి, తర్వాత కాంస్యం మ్యాచ్ కూడా ఓడింది. 2018లో కొడుకు పుట్టిండు. 2020 జనవరిలో తిరిగొచ్చి హోబర్ట్‌లో మొదటి టోర్నీయే గెలిచింది. బిడ్డ పుట్టినంక ఔరత్ పని అయిపోయినట్టే అనుకునే మన ఘరానాల్లో ఆ టైటిల్‌కు ఉన్న విలువ ఏ పేపరూ రాయలేదు. 2023 ఫిబ్రవరిలో దుబాయ్‌లో చివరి మ్యాచ్ ఓడింది. మార్చి 5న ఎల్బీ స్టేడియంలో హైదరాబాద్‌కు ఖుదా హాఫిజ్ చెప్పింది. మొదటి టైటిల్ గెలిచింది అక్కడే, ఆట ముగించింది అక్కడే.

మరి మన జిల్లాలకు ఏం మిగిలింది? టెన్నిస్ కోర్టులు మిగలలేదు. ఇప్పుడు నల్గొండ మూడు జిల్లాలైంది, మహబూబ్‌నగర్ ముక్కలై గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, నారాయణపేట అయింది. ఎక్కడన్నా ఒక పేదింటి ఆడపిల్ల పొద్దున పోయి సర్వీస్ ప్రాక్టీస్ చేసుకునే సర్కారీ కోర్టు ఎన్ని ఊళ్లల్లో ఉంది? బ్రాండ్ అంబాసిడర్‌కు కోటి ఇచ్చిన సర్కారు మండలానికి ఒక కోర్టు గురించి ఆలోచించాల్సి ఉండె. ఆమె మీద కోపం కాదు ఇది, మన హఖ్ మనం అడుగుడు.

కానీ ఏం మిగలలేదు అంటే అది ఝూట్. నిజామాబాద్ పిల్ల నిఖత్ జరీన్ 2022లో, 2023లో బాక్సింగ్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. ఆమె షార్ట్స్ గురించి కూడా మాటలొచ్చినయ్. కానీ ఆ మాటలకు 2005లో ఉన్న జోర్ లేదు. ఆ జోర్ ఊరికే తగ్గలేదు, ఒక పద్దెనిమిదేండ్ల పిల్ల మీద అప్పటికే ఖర్చయిపోయింది. 2016 నుంచి మైనారిటీ గురుకులాలు వచ్చినయ్, రెండు వందలకు పైగా ఉన్నయ్. మా భాంజీ ఇప్పుడు నర్సు. టెన్నిస్ ఆడలేదు. అయితే ఆమె బడిలో బాల్ బ్యాడ్మింటన్ ఆడటానికి పోతుంటే ఆపినోళ్లు లేరు, నర్సింగ్ చదవడానికి హైదరాబాద్ హాస్టల్‌కు పోతుంటే ఆపబోయిన మా ఫూఫీకి అమ్మీ చెప్పిన జవాబ్ ఒక్కటే: "సానియా పోలేదా?" ఒక పేరు మన ఇళ్లల్లో దలీల్‌గా పనిచేసింది. గ్రాండ్‌స్లామ్‌ల లెక్కలో ఇది రాదు.

ఈ పన్నా నేనొక్కణ్ణి రాస్తే పూర్తి కాదు. మీ అమ్మీలను, ఆపాలను, ఖాలాలను అడగండి. 2005లో ఎక్కడ చూసిన్రు, 2008లో ఏం అన్నరు, 2010లో ఎవరు ఏం అడిగితే ఏం జవాబ్ చెప్పిన్రు, ఆ వింబుల్డన్ రాత్రి సహ్రీకి ఏం వండిన్రు. అడిగి రాసి పెట్టండి. దేవిడీల తారీఖ్ రాయడానికి మున్షీలు ఉండేవాళ్లు. మన తారీఖ్‌కు మనమే మున్షీలం.